పది ఫిల్ములు... ఇద్దరి మాట

నచ్చకపోతే తుడిచేసి మళ్లీ తీసుకునే వీలు, తీసిన బొమ్మను అక్కడికక్కడే అచ్చుగా బయటికిచ్చే ఇన్‌స్టంట్ కెమెరాలో లేదు. జంటగా ఊళ్లు తిరిగేవాళ్లకు దాని బలమంతా ఆ లోటులోనే ఉంది.

అరకు నుంచో గండికోట నుంచో తిరిగొచ్చిన జంట ఫోన్లలో వందల ఫొటోలుంటాయి. ఆమె ఫోన్లో ఆమె తీసినవి, అతని ఫోన్లో అతను తీసినవి. అదే కొండ, అదే జలపాతం రెండుచోట్లా కనిపిస్తాయి. ఏది తీయాలి, ఎందుకు తీయాలి అన్న మాట మాత్రం ఇద్దరి మధ్యా రాదు. రావాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే ఇంకో ఇరవై తీసుకున్నా పైసా ఖర్చుండదు. ఇన్‌స్టంట్ కెమెరా ఈ వెసులుబాటునే లాగేసుకుంటుంది. ఇన్‌స్టాక్స్ మినీ అనే రకం ప్యాక్‌లో పది ఫిల్ములు, పోలరాయిడ్ రకం ప్యాక్‌లో ఎనిమిది. మీట నొక్కితే ఒకటి అయిపోయినట్టే. విడిగా నెగెటివ్ ఉండదు, బయటికొచ్చిన బొమ్మే మొదటిదీ ఆఖరిదీ. పాతకాలపు సరదా అని దీన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. కానీ ఇద్దరు కలిసి తిరిగేటప్పుడు ఈ కొరతే పనికొస్తుంది. ఉన్న పదీ దేనికి వాడాలో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోక తప్పదు.

ఈ కెమెరా పుట్టింది మాత్రం తొందరలోంచే. 1943లో అమెరికాలోని శాంటాఫేలో సెలవులు గడుపుతున్నప్పుడు, తీసిన ఫొటో వెంటనే ఎందుకు చూడకూడదని పోలరాయిడ్ కంపెనీ స్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్‌ను ఆయన చిన్నకూతురు అడిగింది. ఆ ప్రశ్నకు జవాబును ఆయన 1947లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు ప్రదర్శించారు. మరుసటి ఏడాది నవంబరులో బోస్టన్‌లో కెమెరా అమ్మకానికొచ్చింది. డిజిటల్ కెమెరాల దెబ్బకు 2008లో పోలరాయిడ్ ఫిల్మ్ తయారీ మానేసింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో ఉన్న ఆ కంపెనీ ఫ్యాక్టరీని కొందరు కలిసి కాపాడుకోబట్టి ఆ ఫిల్మ్ మళ్లీ దొరుకుతోంది. ఫుజీఫిల్మ్ 1998లో తెచ్చిన ఇన్‌స్టాక్స్ దానికి పోటీగా నిలిచింది. ఇన్‌స్టాక్స్ బొమ్మ తేలడానికి నిమిషంన్నర పడుతుంది, పోలరాయిడ్ రంగుల బొమ్మకు పది పదిహేను నిమిషాలు. ఒకప్పుడు అబ్బురపరచిన వేగం ఫోన్ పక్కన నిదానమైపోయింది. ఇప్పుడు కొనేవాళ్లకు కావాల్సిందీ ఆ నిదానమే.

మార్చలేనిది నచ్చుతుంది

కెమెరా పట్టుకుంటే చుట్టూ ఉన్నది మరిచిపోతామన్న మాటకు కొంత ఆధారముంది. మనస్తత్వవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవాళ్లకు అవి తక్కువగా గుర్తున్నాయి. అయితే వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని జూమ్ చేసి తీసినవాళ్లలో ఆ నష్టం కనబడలేదు. అంటే చెరుపు చేసేది ఫొటో తీయడం కాదు, చూడకుండా తీయడం. పరిశోధకులు డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా తగులుతుంది. హార్వర్డ్‌లో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న విద్యార్థులు తమ రెండు ఫొటోల్లో ఒకటే ఉంచుకోవాలి. తర్వాత మార్చుకోవచ్చని చెప్పినవాళ్లకంటే, ఇక మార్చడానికి లేదని చెప్పినవాళ్లే తమ ఫొటోను ఎక్కువగా ఇష్టపడ్డారు. ఈ అధ్యయనాలేవీ జంటల మీద, ఇన్‌స్టంట్ ఫిల్మ్ మీద జరిగినవి కావు. అయినా ఏరుకుని తీయడం, తీసినదానికి కట్టుబడటం అనే రెండు గుణాలనూ ఈ కెమెరా బలవంతంగా అలవాటు చేస్తుంది.

ఎండకూ చలికీ లొంగే ఫిల్మ్

మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో జంటల మణికట్లు, చీలమండలు కలిపి కట్టి, చాపల మీద పాకించారు. ఆ వింత పని కలిసి చేసినవాళ్లు, ఆ తర్వాత తమ బంధం గురించి మరింత సంతృప్తిగా చెప్పారు. ఆరుబయట ఇన్‌స్టంట్ ఫిల్మ్ అలాంటి ఉమ్మడి పనే పెడుతుంది. పోలరాయిడ్ ఫిల్మ్‌కు 13 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి అనుకూలం. అంతకన్నా చలైతే బొమ్మ వెలవెలబోతుంది, వేడెక్కితే పసుపో ఎరుపో తిరుగుతుంది. డిసెంబరులో లంబసింగి తెల్లవారుజామున తీస్తే, బయటికొచ్చిన బొమ్మను చొక్కా లోపల వెచ్చగా దాచుకోవాలి. గండికోట ఎండలో కెమెరాను మూసిన కారులో వదిలేయకూడదు. ఫ్లాష్ వెలుగు రెండు మూడు మీటర్లు దాటదు, లోయ మీద వేస్తే వృథా. నీడలోని మొహాన్నీ మెరిసే ఆకాశాన్నీ ఈ ఫిల్మ్ కలిపి పట్టుకోలేదు, ఒకటి వదులుకోవాలి. ఒకరు వెలుగు చూస్తే ఇంకొకరు దూరం చూడాలి, ఏది వదులుకోవాలో ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆరుబయట దీనితో గొప్ప పని కాదనడానికీ లేదు. పోలరాయిడ్‌కు ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్న ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1968లో అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ శిఖరాన్ని తీసింది ఆ కంపెనీ ఫిల్మ్ మీదే.

ఖర్చు, చెత్త, తగవు

ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. కానీ ఒక ప్రయాణానికి ఒకే ప్యాక్ అన్న హద్దు పెట్టుకుంటే అది ముందే తెలిసిన ఖర్చు. రెండో ప్యాక్ సంచిలో పడిందంటే డబ్బుతో పాటు అసలు ప్రయోజనమూ పోతుంది. చెత్త గురించిన అభ్యంతరం ఇంకా బరువైనది. ప్రతి ప్యాక్‌కూ ఒక ప్లాస్టిక్ డబ్బా మిగులుతుంది, కొన్ని రకాల పోలరాయిడ్ ప్యాకుల్లో బ్యాటరీ కూడా ఉంటుంది. బొమ్మ లోపలి రసాయనం చర్మానికి మంచిది కాదు, దాన్ని కోయకూడదు, చీల్చకూడదు. ఈ చెత్తను అడవిలో పారేసే జంటకు ఈ కెమెరా తగదు, అంతే. ఉన్న కొద్ది ఫిల్ముల దగ్గర తగవులొస్తాయేమోనన్న సందేహానికి చెరి ఐదు అన్న పంపకం చాలు. తనవంతు ఫిల్మ్‌తో ఏం తీయాలో ఎదుటివాళ్లనే చెప్పమంటే ఇంకా మేలు.

ఫోన్లోనే పది ఫొటోలకు ఆగితే సరిపోదా అన్నదే గట్టి ప్రశ్న. ఆగగలిగితే సరిపోతుంది. ఆగలేమనే గిల్బర్ట్, ఎబర్ట్ పరిశోధన చెబుతోంది. ముందే అడిగితే ఎక్కువమంది మార్చుకునే వీలున్న పద్ధతినే కోరుకున్నారు. తక్కువ తృప్తినిచ్చేది అదేనని వాళ్లు ఊహించలేకపోయారు. ముందు తెర మీద చూసి, నచ్చినదే అచ్చు వేసుకునే కొత్తరకం ఇన్‌స్టంట్ కెమెరాలతో వచ్చే ఇబ్బందీ ఇదే. ఫిల్మ్ ఆదా అవుతుంది, కట్టుబడాల్సిన అవసరం పోతుంది. కాబట్టి కొండనూ దారినీ హోటల్ బోర్డునూ ఫోన్‌కే వదిలేయండి. ఫిల్మ్‌ను ఇద్దరూ ఔనన్న చోటే వాడండి. ఒక్కరే ఔనన్న చోట మీట నొక్కకండి. ప్యాక్‌లో రెండు మూడు మిగిలినా నష్టం లేదు, అక్కడ ఏం తీయాలన్న చర్చ ఎలాగూ జరిగింది.