తాబేలు పిల్లను కొనే ముందు

షాపుల్లో కళ్ల వెనక ఎర్రచార ఉన్న తాబేలు పిల్లల్ని చూసే ఉంటారు. ఇవి అమెరికా జాతి, పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఇప్పుడు పది రూపాయల బిళ్లంతే ఉన్నా, జానెడు దాటి పెరుగుతాయి. 20 ఏళ్లకు పైగా బతుకుతాయి.

గాజు గిన్నె చాలదు. ఈదడానికి పెద్ద తొట్టి, ఫిల్టర్, ఎక్కి ఆరడానికి రాయి కావాలి. నేరుగా ఎండ గానీ యూవీబీ లైటు గానీ తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, చిప్ప మెత్తబడిపోతుంది.

పిల్లలూ, తాబేలును ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. వాటి ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములుండొచ్చు.

పెంచలేకపోతే చెరువులో మాత్రం వదలొద్దు. మన తాబేళ్ల తిండీ చోటూ లాగేసుకుంటాయి. ఇక మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద నేరం. ఎక్కడైనా దొరికితే అటవీశాఖకు అప్పగించండి.