నిధులు, హాజరు, చదువు

వర్ధమాన దేశాలలో నిధులు పెంచితే చదువు దానంతటదే మెరుగుపడుతుందని చాలామంది భావిస్తారు. పరిశోధనలు దీనిని పూర్తిగా సమర్థించడం లేదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో ఒక అధ్యయనం మొదలైంది. అందులో 100 ప్రభుత్వ బడులకు ప్రత్యేక నిధులిచ్చారు. అనుకోకుండా నిధులందిన మొదటి సంవత్సరం పిల్లల మార్కులు పెరిగాయి. అవి వస్తాయని ముందే తెలిసిన రెండవ సంవత్సరం తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. చెప్పుకోదగిన ప్రగతి కనిపించలేదు. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చిన బడులలో మాత్రం రెండేళ్లకు లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి.

కర్నూలు ఆ జిల్లాలలో లేదు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు ఈ విషయం వర్తిస్తుంది. వర్షాధార పంట చేతికి రాగానే ఇక్కడి కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతారు. పిల్లలూ వెంట వెళతారు. హాజరుపట్టీలో పేరుంటుంది, తరగతిలో బిడ్డ ఉండదు. భోజనానికి, జీతాలకు కేటాయించిన సొమ్ము ఆ నెలలలో ఆ బిడ్డకు అక్కరకు రాదు. వలస కుటుంబాల పిల్లలకై ఏర్పడిన సీజనల్ హాస్టళ్లు ఈ లోటు తీర్చగలవు. అయితే తల్లిదండ్రులు మూట కట్టకముందే వాటిని తెరవాలి.

విద్యానిధి ఒక అమానత్. ఎంత ఖర్చయిందన్న లెక్కతో పాటు, ఎందరు పిల్లలు బడిలో నిలిచి చదవనేర్చారన్న లెక్కనూ ప్రతి మహల్లా పెద్దలు అడగాలి.