బస్సు ఎక్కని బిడ్డ ఎవరి బిడ్డ?

ప్రతి ఏటా జూన్ నెలలో బడులు తెరిచే రోజున మన పల్లెల్లో ఒక దృశ్యం కనబడుతుంది. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు వచ్చి గుడి ముందు ఆగుతుంది. టై కట్టుకుని, బూట్లు తొడుక్కున్న పిల్లలు అందులో ఎక్కుతారు. గుడి అరుగు మీద ఇంకొందరు పిల్లలు నిలబడి చూస్తుంటారు. బస్సు కదిలాక వీరు సంచి భుజాన వేసుకుని ప్రభుత్వ బడికి నడుస్తారు. నిన్న ఆదివారం వీరందరూ ఒకే చాప మీద కూర్చుని సండే స్కూలు పాట పాడినవారే. సోమవారం వచ్చేసరికి రెండు దారులయ్యారు.

ప్రియ చదువరులారా, పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. అయిదు తరగతులకు ఒకరిద్దరు టీచర్లున్న బడిని చూసి ఏ తల్లి మనసు నిలుస్తుంది? తనకు రాని ఇంగ్లీషు తన బిడ్డకు రావాలని కోరుకోవడం పాపం కాదు. అయితే ఆ కోరికకు మనం ఎంత వెల కడుతున్నాం, ఆ వెలకు ఏమి వస్తున్నది అని నిదానంగా ఆలోచించవలసిన సమయం వచ్చింది.

పంట లెక్క, ఫీజు లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మన కుటుంబాలు చాలావరకు మిరప మీదా పత్తి మీదా బతుకుతున్నాయి. సొంత చెక్క కొద్దిగా, కౌలు చేను ఎక్కువ. కాయ కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి, గుంటూరు యార్డుకు చేరేదాకా ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో పెద్దలకు గుర్తుంది. 2025 ఆరంభంలో మిరప ధర పడిపోయి, చివరకు కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించి మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది.

ధర పడినప్పుడు ఫీజు పడదు. బస్సు చార్జీ తగ్గదు. కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పులోనే టర్మ్ ఫీజు కూడా కలుస్తుంది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14వ అధ్యాయం) మనం శిష్యత్వానికి అన్వయించుకుంటాం. బిడ్డ చదువు కూడా పదేళ్లు, పన్నెండేళ్లు కట్టవలసిన గోపురమే. ఒక మంచి పంట చూసి పునాది వేసి, రెండో పంట పోగానే బిడ్డను మధ్యలో మాన్పిస్తే నష్టపోయేది ఆ పసివాడే.

మన తాతలు చదివిన బడి

ప్రభుత్వ బడికి వేరుగా ఇంకొక బడి ఉండాలన్నది కొత్త మాట కాదు. నిజానికి మన సంఘాలు పుట్టింది అలాంటి బడుల్లోనే. 1842 జూలై 31న హెయ్యర్ దొరగారు గుంటూరు చేరారు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ సాయంతో బడి పని మొదలైంది. 1854లో వచ్చిన వుడ్ తాఖీదు తర్వాత, ప్రైవేటు వారు నడిపే బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి ఏర్పడింది. మద్రాసు రాజధానిలో ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షించి, ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే ఏర్పాటు కూడా నడిచింది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటి మొక్క.

పల్లెలో ఆ బడికి భవనం లేదు. పాకలోనో, వేపచెట్టు కిందనో ఉపదేశి పంతులుగారు పలకా బలపం పట్టించేవారు. పగలు పనికి పోయే పిల్లలకు రాత్రి దీపం పెట్టి చెప్పిన చోట్లూ ఉన్నాయి. ఊరిబడి అరుగెక్కనివ్వని పిల్లలకు అక్షరం అక్కడే దొరికింది.

క్లౌ దొరగారికి వచ్చిన పరీక్ష

1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. మొదట్లో ఊళ్లోని పెద్ద కులాల పిల్లలు ఆయన బడికి వచ్చేవారు. పలుకుబడి గల కుటుంబాలు, పేరు తెచ్చే విద్యార్థులు. అంతలో తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య సువార్త నమ్మాడు. ఆయన వెనుక మాదిగపల్లెల జనం రాసాగారు. వీళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని మాన్పిస్తామని పెద్దలు తేల్చి చెప్పారు. ఆ రోజు దొరగారూ దొరసానిగారూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని ఆయనే రాసుకున్నారు. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్న సంగతి అందులో ఉంది. ఆయన పేదలను చేర్చుకున్నారు. పెద్దల పిల్లలు వెళ్లిపోయారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ దినానికి ముందు ఖాళీ అయిన ఆ బడి బల్లలను కూడా మనం గుర్తు పెట్టుకోవాలి.

వ్యాపారంగా నడిచే ఏ బడికైనా ఇదే చిక్కు. ఫీజు కట్టగలవాడు వెళ్లిపోతాడన్న భయం ఉన్నచోట, కట్టలేనివాడికి తలుపు సన్నగిల్లుతుంది.

చీటీ వేసి చూసిన నిజం

అసలు ప్రైవేటు బడిలో చదువు మెరుగేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2008లో మొదలై, అయిదు జిల్లాల్లో 180 గ్రామాల్లో నడిచింది. కొన్ని గ్రామాల్లో ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని, చీటీ వేసి, పేరు వచ్చినవారి ప్రైవేటు బడి ఖర్చు భరించారు. నాలుగేళ్ల తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఫలితాలు లెక్కించి 2015లో ప్రచురించారు.

తెలుగులోనూ లెక్కల్లోనూ చీటీ వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు; ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఆ పాఠం దాదాపు లేనే లేదు. ఇంకొక సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, పిల్లవాడికి ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఆ ఫలితం తెచ్చాయి. కాని అక్కడి టీచరు జీతం ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఆ కొద్ది జీతానికి పాఠం చెప్పేది చాలా చోట్ల మన సంఘాల్లోని ఆడపిల్లలే కదా!

డబ్బు బడికి కాక బిడ్డ వెంట నడవాలనే ఆలోచన ఇప్పుడు ప్రభుత్వాలకూ వచ్చింది. 2020లో అమ్మఒడి, 2025 జూన్‌లో తల్లికి వందనం ఆ దారిలోనే వచ్చాయి. ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు బడి అయినా తల్లి ఖాతాలో డబ్బు పడింది. ఇక 2021 ఆగస్టులో ఎయిడెడ్ సంస్థలు తమ సిబ్బందినో, ఆస్తులతో సహా సంస్థనో అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరినప్పుడు తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబరులో ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఇచ్చారు. మన పెద్దలు కట్టిన బడి విలువ చేజారే వేళకు గాని మనకు గుర్తు రాలేదు.

మనం ఏమి చేయాలి?

ఫీజు కట్టే ముందు ఈ నాలుగు సంగతులు కనుక్కోండి. నా బిడ్డ తరగతికి చెప్పే టీచరు ఎవరు, నిరుడు కూడా ఉన్నారా? బిడ్డ తెలుగులో ఒక పేజీ తడుముకోకుండా చదివి అర్థం చెప్పగలడా? పంట పోయిన ఏడు ఫీజు ఆలస్యమైతే బిడ్డను తరగతిలో కూర్చోనిస్తారా? ఈ ఖర్చు మగపిల్లవాడికే పెట్టి ఆడపిల్లను వెనక ఉంచుతున్నామా?

ప్రభుత్వ బడికి పంపేవారు కూడా బడి కమిటీ సమావేశానికి వెళ్లండి. పంతులుగారు రాకపోతే అడగండి, వచ్చి బాగా చెబితే చేతులు జోడించండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మన గుళ్లు చాలావరకు తాళం వేసి ఉంటాయి. కరెంటు ఉంది, చాపలు ఉన్నాయి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యౌవనులు ఉన్నారు. అక్కడ చదువు చెప్పించండి. బస్సు ఎక్కిన బిడ్డా, ఎక్కని బిడ్డా మళ్లీ ఒకే చాప మీద కూర్చుంటారు. మిరప కోతల కాలంలో పశ్చిమ కర్నూలు ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన చేలకు వస్తాయి. వారి పిల్లలు ఆ కొద్ది నెలలు ఏ బడిలోనూ ఉండరు. వారినీ పిలవండి. వారు మన సంఘస్థులా కాదా అని అడగవద్దు. మన తాతలను పిలిచినవారు అలా అడగలేదు.

తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్కదాన్ని వెదకిన కాపరి మన ప్రభువు. ఆయన బడికి వస్తే హాజరుపట్టీలో ముందుగా ఏ పేరు చూస్తాడో మనకు తెలుసు. ఆ పేరు మన పల్లెలో ఎవరిదో ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక్కసారి కూర్చుని రాసుకుందాం.