జంట దోనెల తెరచాప పడవలు

తెరచాపపై గాలి వీచినపుడు పడవ ముందునకు సాగుటయే కాక ప్రక్కకు ఒరుగును. ఆ ఒరుగుదలను అరికట్టుటకు రెండు మార్గములు కలవు. ఒంటి దోనె పడవకు అడుగున సీసము వంటి బరువును అమర్చుట మొదటిది. రెండు మూడు సన్నని దోనెలను ఎడముగా నిలిపి, అడ్డుదూలములతో బిగించి వెడల్పు పెంచుట రెండవది. దోనెలు రెండైనచో కాటమరాన్ అనియు, మూడైనచో ట్రైమరాన్ అనియు అందురు.

కాటమరాన్ అను పేరు తమిళమునందలి కట్టుమరము నుండి వచ్చినది. అయితే కట్టుమరము, ఆంధ్ర తీరపు జాలరుల తెప్పవలె, దుంగలను కలిపి కట్టినదే కాని జంట దోనెల పడవ కాదు. జంట దోనెలపై మహాసముద్రమును దాటినవారు పసిఫిక్ లోని పాలినీషియా దీవులవారు.

సీసము లేకుండ నిలకడ ఎట్లు కలుగును? 5,000 కిలోగ్రాముల కాటమరాన్‌లో దోనెల నడుమ దూరము 6 మీటర్లు అనుకొనుడు. గాలివైపు దోనె నీటిని విడుచు క్షణమున భారమంతయు రెండవ దోనెపై నిలుచును. పడవ గురుత్వకేంద్రము ఆ దోనెకు 3 మీటర్ల దూరమున ఉండును. కావున పడవను నిలబెట్టు భ్రామకము 5,000 × 3, అనగా 15,000 కిలోగ్రాము-మీటర్లు.

సీసము లేనందున పడవ తేలికగును. వేగమునకు మరియొక కారణము దోనె సన్నదనము. వెడల్పయిన పడవ తాను లేపిన అలల నడుమనే చిక్కుకొనును. 36 అడుగుల పొడవు గల అట్టి పడవ సాధారణముగా గంటకు 8 నాటికల్ మైళ్ళను మించలేదు. వెడల్పునకు పదిరెట్లకు పైగా పొడవున్న దోనె చిన్న అలలనే లేపును గనుక ఈ హద్దును దాటిపోవును. 1978లో ఫ్రాన్సు నుండి గ్వాడెలూప్ దీవికి జరిగిన పందెమున, మైక్ బర్చ్ నడిపిన చిన్న ట్రైమరాన్, తనకన్న ఎంతో పొడవైన ఒంటి దోనె పడవను 98 సెకండ్ల తేడాతో ఓడించెను.

ఈ లాభమునకు వెల కూడ కలదు. సీసపు అడుగు గల పడవ ఒరిగినకొలది దానిని నిలబెట్టు భ్రామకము చాలవరకు పెరుగుచుండును. ఆ ఒరుగుటయే నావికునకు హెచ్చరిక. కాటమరాన్‌కు దోనె లేచిన క్షణమే భ్రామకము గరిష్ఠము, అటుపైన తగ్గిపోవును. గాలి వేగము రెట్టింపైన తెరచాపపై బలము నాలుగురెట్లగును. కనుక నావికుడు పడవ వాలును గాక గాలి వేగమును చూచి, ముందుగానే తెరచాపను కుదింపవలెను.

పరిమాణము కూడ ముఖ్యమే. పడవ కొలతలన్నియు రెట్టింపైనచో బరువు 8 రెట్లు, నిలబెట్టు భ్రామకము 16 రెట్లగును. అదే గాలిలో పడద్రోయు భ్రామకము 8 రెట్లు మాత్రమే. చిన్న పడవలకు బోల్తా భయము ఎక్కువగుటకు ఇదియే కారణము.

అందుచే విహారపు కాటమరాన్‌కు తెరచాప చిన్నదిగా అమర్తురు. దోనె లేచు స్థితియే అరుదుగా వచ్చును. కాని సామాను మితిమీరినచో దోనెలు దిగబడి వేగము నశించును. పందెపు పడవను కర్బన నారతో తేలికగా కట్టి, పెద్ద తెరచాప నిత్తురు. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికా కప్ పందెమున కాటమరాన్‌లు నీటిలోని రెక్కలపై లేచి, దోనెలు నీటిని తాకకయే పరుగెత్తెను. 2017లో ఫ్రాన్సిస్ జోయాన్ బృందము 31.5 మీటర్ల ట్రైమరాన్‌పై 41 రోజులు నిండకముందే భూమిని చుట్టివచ్చెను.

సీసపు అడుగు గల పడవ బోల్తాపడినను సాధారణముగా తిరిగి లేచును. నీరు నిండినచో మునుగును. జంట దోనెల పడవ తనంత తాను లేవదు. కాని తేలిక పదార్థములతో కట్టినచో తలక్రిందుగానైనను తేలుచు, నావికులకు ఆశ్రయమిచ్చును. ఏ అపాయమునకు సిద్ధపడవలెనో నిర్ణయించుటయే పడవ రూపకల్పనలో మొదటి మెట్టు.