చార్మినార్ గుమ్మంలో అక్షరం: నాణేలకు ఫొటో తీయడం ఎలా?



మస్కట్‌లో ఉంటూ నాణేల పిచ్చి పట్టకుండా ఉండటం కొంచెం కష్టమేనండీ. మన జేబుల్లో రోజూ గలగలలాడే బైసా మన పైసాయే. 1970లో సొంత రియాల్ వచ్చేదాకా ఒమన్‌లో చెల్లినది రూపాయి, దానితోపాటు మరియా థెరీసా వెండి నాణెం. అందుకే మత్రా సూక్‌లో ఖంజర్ల పక్కన, సాంబ్రాణి డబ్బాల పక్కన, గాజు పళ్ళెంలో పోసిన పాత డబ్బులు ఇప్పటికీ కనిపిస్తాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి రెండు మూడు కొనుక్కొచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కొన్నాక ఫొటో తీస్తాం. అక్కడే వస్తుంది చిక్కు. చేతిలో అంత ముద్దుగా ఉన్న నాణెం ఫొటోలో తెల్లటి మచ్చలాగో నల్లటి బిళ్ళలాగో కనిపిస్తుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ముందు చెప్పేస్తాను. ఫైసల్ బిన్ తుర్కీ సుల్తాన్ కాలపు పావు అణా ఒకటి కొన్నాను. హిజ్రీ 1315, అంటే 1897-98 నాటి రాగి నాణెం. ఫొటోలో అక్షరాలు కనిపించడం లేదు. మురికి పట్టిందనుకుని, ఇంట్లో రాగిచెంబు తోమినట్టే చింతపండు పెట్టి తోమేశాను. నూటపాతికేళ్ళుగా పట్టిన గోధుమరంగు పొర అయిదు నిమిషాల్లో కాలవలో కలిసిపోయింది. మిగిలింది గులాబీ రంగు బిళ్ళ, దాని నిండా సన్నటి గీతలు. అక్షరాలు మాత్రం ఫొటోలో అప్పుడూ కనిపించలేదు! తప్పు మురికిది కాదు, నేను పెట్టిన దీపానిది. దయచేసి చింతపండు, నిమ్మకాయ, పళ్ళపొడి, విభూతి, వీటిలో ఏదీ నాణెం దగ్గరికి తేకండి. సేకరించేవాళ్ళు తోమిన నాణేన్ని దూరం నుంచే గుర్తుపడతారు, విలువ సగానికి సగం పడిపోతుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకోండి.

సరే, దీపం సంగతికి వద్దాం. నాణెం మీద ఉన్న ప్రతి గీతా, ప్రతి గుండ్రనీ ఒక చిన్న అద్దం. ఫోన్‌లోని ఫ్లాష్ కటకం పక్కనుంచే సూటిగా కొడుతుంది కాబట్టి ఆ వెలుగంతా తిరిగి కటకంలోకే వచ్చేస్తుంది. అందుకే మొట్టమొదట ఫ్లాష్ ఆపేయండి. గదిలో ట్యూబులైటు కూడా ఆపి, కర్టెన్లు వేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే వెండి ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా కనిపిస్తుంది. ఒక్క టేబుల్ ల్యాంపు చాలు. నాణెం గడియారం అనుకోండి. దీపాన్ని పది గంటల ముల్లు వైపు, కాస్త ఎత్తులో పెట్టండి. ఎదురుగా నాలుగు గంటల వైపు తెల్లకాగితం నిలబెడితే నీడలు మరీ నల్లబడవు. వెలుగు మరీ గుచ్చుకుంటుంటే దీపానికీ నాణేనికీ మధ్య బటర్ పేపర్ అడ్డం పట్టుకోండి.

దీపం ఎంత ఎత్తులో ఉండాలన్నది నాణేన్ని బట్టి ఉంటుంది. అరిగిపోయిన నాణేనికి దీపం కిందికి దించాలి. వెలుగు ఏటవాలుగా పాకుతుంటే అరిగిన అక్షరం కూడా సన్నటి నీడ వేసి పైకి తేలుతుంది. కొత్తగా, తళతళలాడే నాణేనికి అలా చేస్తే లేని గీతలు కూడా పెద్దవైపోతాయి. అలాంటప్పుడు దీపం పైకెత్తాలి. ఇంకొక చిట్కా: దీపాన్ని కదపకుండా నాణేన్నే కొద్దికొద్దిగా తిప్పుతూ పది ఫొటోలు తీయండి. అందులో ఒకటి తప్పకుండా నోరు విప్పుతుంది. వంకరగా ఉన్నదాన్ని తర్వాత ఫోన్‌లో నిలబెట్టుకోవచ్చు.

ఫోన్‌ని చేత్తో పట్టుకోకండి. రెండు పక్కలా పుస్తకాలు పేర్చి, వాటిమీద ఫోన్‌ని వంతెనలా పెట్టి, కటకం సరిగ్గా నాణెం మీదికి వచ్చేట్టు చూడండి. ఫోనూ నాణెమూ సమాంతరంగా లేకపోతే గుండ్రటి నాణెం కోడిగుడ్డు అవుతుంది. మరీ దగ్గరికి వెళ్ళినా ఇబ్బందే. చాలా ఫోన్లు దగ్గరికి వెళ్ళగానే తమంతట తామే వెడల్పు కటకానికి మారిపోతాయి, నాణెం మధ్యలో ఉబ్బుతుంది. ఒక జానెడు దూరంలో ఉంచి, రెండింతలు జూమ్ చేయడం మేలు. పాత డిజిటల్ కెమెరా ఉంటే పువ్వు గుర్తు నొక్కండి. నొక్కినప్పుడు కదలకుండా రెండు మూడు సెకన్ల టైమర్ పెట్టండి. కింద నల్లగుడ్డ పరిస్తే వెండి పాలిపోతుంది, తెల్లకాగితం పరిస్తే రాగి నల్లబడుతుంది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా లోపలి వైపు బూడిదరంగు అట్ట ఉంటుంది చూడండి, అది రెంటికీ సరిపోతుంది.

ఎండలో తీస్తే పోలేదా అంటారేమో. మన మస్కట్ ఎండ వద్దండీ, నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. పైగా వేసవిలో ఏసీ గదిలోంచి బాల్కనీలోకి వచ్చిన మరుక్షణం కటకం మీద ఆవిరి పట్టేస్తుంది. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, పొద్దున పూట, గది లోపలే తీసుకోండి.

ఇదంతా ఎందుకు నేర్చుకున్నానంటే, వరంగల్‌లో మా అత్తగారింట్లో ఒక చార్మినార్ రూపాయి ఉంది. మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మది. హిజ్రీ 1330, అంటే 1911-12 నాటిది. పోయిన సెలవుల్లో దాన్ని మస్కట్ తెచ్చుకుందామని మా ఆవిడ పట్టుబట్టింది. కుదరదు. 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు, అది మన తాతలదైనా సరే. ఇది చాలామందికి తెలియదు, తెలియకుండానే పర్సులో వేసుకుని విమానం ఎక్కేస్తారు. కాబట్టి నాణెం అక్కడే ఉంటుంది, మన దగ్గరికి రాగలిగేది ఫొటో ఒక్కటే.

ఆ రూపాయి మీద చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న అరబీ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద ‘మీమ్’, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద ‘ఐన్’. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో కొట్టిన రూపాయల్లో ఆ ఐన్ తల భాగం మాత్రమే ఉంటుంది, తర్వాతివాటిలో తోకతో సహా పూర్తిగా ఉంటుంది. సేకరించేవాళ్ళు ఈ రెండింటినీ వేరువేరు రకాలుగా లెక్కపెడతారు. మరి మనది ఏది? మా బావమరిది ఫొటో తీసి పంపాడు. గుమ్మం ఉండాల్సిన చోట తెల్లటి మెరుపు. ఫోన్ చేశాను. “బావా, కంటికి మంచిగనే కానొస్తున్నది గని ఫొటోల వస్తలేదు. జర తోమమంటవా?” అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. వద్దని అరిచి, చింతపండు కథ చెప్పి, దీపం పది గంటల వైపు పెట్టించి, కిందికి దించించి, నాణేన్ని తిప్పించి, దాదాపు గంటసేపు తీయించాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమన్నాను. ఏడో ఫొటోలో గుమ్మం తెరుచుకుంది. ఐన్ పూర్తిగా ఉంది, తోకతో సహా. మా ఆవిడ ఆ రాత్రి ఫోన్ పెద్దది చేసుకుని ఆ గుమ్మంలోకే చూస్తూ కూర్చుంది.

మీరూ ఊరికి వెళ్ళినప్పుడు రెండు వైపులా ఒకే దూరం నుంచి తీయండి, పక్కన స్కేలు పెట్టి ఒకటి, నిలబెట్టి అంచుది ఒకటి. అంచుని వదిలేయకండి. మరియా థెరీసా నాణెం అంచు మీద లాటిన్ అక్షరాలు ఉంటాయి, నకిలీలు అక్కడే దొరికిపోతుంటాయి. ఆ నాణెం మీద 1780 అని ఉన్నంత మాత్రాన అది అప్పటిదని కూడా అనుకోకండి. ఆ మహారాణి పోయాక కూడా అదే సంవత్సరం వేసి వియన్నాలోనూ, ఇంకా చాలా ఊళ్ళలోనూ, 1940 దశకం మొదట్లో మన బొంబాయి టంకశాలలోనూ కొట్టారు. ఎక్కడిదో తేల్చడానికి సేకరించేవాళ్ళు ఆవిడ భుజం మీది పతకంలో ముత్యాలూ, వెనకవైపు గద్ద తోక ఈకలూ చూస్తారు. సూక్‌లో కొన్నది మీ ఇంట్లో ఉంటే ఈ శుక్రవారం దీపం కిందికి దించి ఆ ఈకలు లెక్కపెట్టి చూడండి.