తుంటిని మార్చాడు... గాలినీ కడిగాడు!

తుంటి కీలు అరిగితే ఒకప్పుడు చేతికర్రే గతి. అది కూడా పనిచేయకపోతే మంచమే దిక్కు. ఆ రోజుల్ని మార్చిన ఎముకల డాక్టరు సర్ జాన్ చార్న్‌లే. కొత్త కీలును తయారుచేయడంతో ఆయన ఆగిపోలేదు. ఆ కీలుతో పాటు రోగి ఒంట్లోకి చీము చేరకుండా ఆపరేషన్ థియేటర్‌లోని గాలినే శుభ్రం చేశాడు. అన్నిటికంటే ముఖ్యంగా... తన ఓటమిని దాచుకోలేదు!

రుబ్బురోలు గుర్తుంది కదా! గుంటలో పొత్రం ఎంత నున్నగా తిరుగుతుందో మన తుంటి కీలూ అంతే. తొడ ఎముక పైకొన గుండ్రటి బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. రెండింటి మధ్యా మెత్తటి మృదులాస్థి పొర. ఆ పొర అరిగిపోతే ఎముకా ఎముకా రాసుకుంటాయి. మెట్లెక్కడం సంగతి అలా ఉంచండి, పక్కమీద అటు నుంచి ఇటు తిరగడమే నరకం.

ఈరోజు ఆ కీలు తీసేసి కొత్తది పెట్టడం మన ఊళ్లలోని పెద్దాసుపత్రుల్లోనూ మామూలే. ఆపరేషన్ మర్నాడే తాతయ్యను నిలబెట్టి నాలుగడుగులు వేయిస్తున్నారు. దీనికి దారి వేసింది ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, ఒకప్పుడు క్షయ రోగుల్ని ఉంచిన రైటింగ్టన్ ఆసుపత్రి.

కీచుమన్న కీలు

చార్న్‌లే 1911లో లాంకషైర్‌లోని బరీ పట్టణంలో పుట్టాడు. నాన్న మందుల షాపు నడిపేవాడు. అమ్మ నర్సుగా శిక్షణ పొందిన మనిషి. మాంచెస్టర్‌లో వైద్యం చదివి, పాతికేళ్లకే సర్జన్ల పట్టా అందుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా కైరో వెళ్లాడు. విరిగిన కాళ్లకు కట్టే పరికరాలను అక్కడి వర్క్‌షాపులో ఇంజినీర్లతో కలిసి తయారుచేయించాడు. కత్తీ సుత్తీ రెండూ పట్టగల డాక్టరు అలా తయారయ్యాడు. ఇంట్లో ఆయనకు సొంత లేతు మిషను కూడా ఉండేది.

ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు అరిగిన బంతి తీసేసి, ఆక్రిలిక్ ప్లాస్టిక్ బంతి పెట్టేవారు. అలాంటి ఆపరేషన్ అయిన ఒకాయన చార్న్‌లే దగ్గరికొచ్చాడు. సమస్య నొప్పి కాదు... చప్పుడు! భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగితే చాలు, తుంటి కీచుమనేదట. ఆ మోత భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్లిపోయేదట.

విన్నవాళ్లు నవ్వుకున్నారు. చార్న్‌లే మాత్రం ఆలోచనలో పడ్డాడు. ‘చప్పుడొస్తోందంటే రాపిడి ఎక్కువుందన్నమాట. రాపిడి ఉంటే బంతి కదిలినప్పుడల్లా ఎముకలోని కాడ వదులవుతుంది’. తలుపు బందు కీచుమంటే నూనె వేస్తాం. తుంటికి నూనె వేయలేం. అలాంటప్పుడు నూనె అక్కర్లేని పదార్థమే కావాలి!

మూడు వందల మంది

అప్పటికి దొరికేవాటిలో అతి జారుడు పదార్థం టెఫ్లాన్. వంట అంటుకోకుండా పెనాలకు పూసేది అదే. గిన్నెను టెఫ్లాన్‌తోనూ, బంతిని ఉక్కుతోనూ చేశాడు. రాపిడి ఇంకా తగ్గాలని బంతిని చిన్నది చేస్తూ పోయి, చివరికి 22 మిల్లీమీటర్ల దగ్గర ఆగాడు. కీలును ఎముకలో నిలబెట్టడానికి పళ్ల డాక్టర్లు వాడే ఆక్రిలిక్ సిమెంటు తెచ్చాడు. అది జిగురులా అంటించదు. గోడ కన్నంలో మేకు చుట్టూ సిమెంటు దట్టించినట్టు ఖాళీని నింపి బరువును ఎముకంతటా పంచుతుంది.

ఫలితం అద్భుతం. ఏళ్ల తరబడి కుంటినవాళ్లు హాయిగా నడిచి ఇంటికెళ్లారు. మూడు నాలుగేళ్లలో దాదాపు 300 మందికి ఆ కీళ్లు అమర్చాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలైంది. మళ్లీ నొప్పి. కోసి చూస్తే టెఫ్లాన్ గిన్నె అరిగిపోయింది. రాలిన పొడి చుట్టూ జున్నులాంటి పదార్థం పేరుకుని ఎముకను తినేస్తోంది. నమ్మి వచ్చిన మూడు వందల మంది!

మరొకరైతే తప్పు కంపెనీ మీదికి తోసేవారేమో. చార్న్‌లే ఆ రోగులను పిలిపించి పరీక్షించాడు. పాడైన కీళ్లను మళ్లీ ఆపరేషన్ చేసి తీశాడు. అంతేకాదు, టెఫ్లాన్ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తేల్చుకోవడానికి దాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నాడు! దాని పక్కనే మరో కొత్త ప్లాస్టిక్ పొడి కూడా. నెలల తర్వాత చూస్తే టెఫ్లాన్ పెట్టినచోట గడ్డలు తేలాయి. రెండోదాని దగ్గర అలాంటిదేమీ లేదు. ఆ సంగతిని 1963లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించాడు.

టెక్నీషియన్ పట్టుదల

ఆ రెండో ప్లాస్టిక్ కథ ఇంకా చిత్రం. 1962లో ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ ప్రయోగశాలకు వచ్చాడు. మగ్గాల పళ్లచక్రాలకు వాడే గట్టి పాలిథిలిన్ ముక్కను టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ చేతికిచ్చాడు. మన పాలిథిన్ సంచి ఉందే, దానికి దగ్గరి చుట్టమే. కాకపోతే చాలా దృఢమైనది. చార్న్‌లే దాన్ని గోటితో గీకి, పనికిరాదనేసి ప్రయాణమై వెళ్లిపోయాడు.

క్రేవెన్ ఊరుకోలేదు. తాను తయారుచేసిన అరుగుదల యంత్రంలో ఆ ముక్కను బిగించి రాత్రీ పగలూ తిప్పాడు. చార్న్‌లే తిరిగొచ్చి చూసేసరికి, వారాల తరబడి తిరిగినా అరుగుదల అంతంతమాత్రమే. తన మాట తప్పని తేలినందుకు ఆ డాక్టరు ఎంత సంతోషించి ఉంటాడో! అదే ఏడాది నవంబర్‌లో ఆ ప్లాస్టిక్ గిన్నెతో మొదటి ఆపరేషన్ జరిగింది. ఈ తుంటి మార్పిడినే 2007లో ‘లాన్సెట్’ పత్రిక ‘ఈ శతాబ్దపు ఆపరేషన్’గా వర్ణించింది.

అద్దాల గది... గాలి గౌను

కీలు కుదిరింది. కానీ మరో శత్రువు మిగిలే ఉంది... చీము. ఒంట్లో ఉక్కూ ప్లాస్టిక్కూ ఉన్నచోట సూక్ష్మక్రిములు తిష్ఠ వేస్తే మందులకు ఒక పట్టాన లొంగవు. ఒక్కోసారి కీలునే తీసేయాల్సి వస్తుంది. మొదట్లో చార్న్‌లే చేసిన ఆపరేషన్లలో నూటికి ఏడు ఇలా చెడిపోయేవి.

క్రిములు ఎక్కడినుంచి వస్తున్నాయి? గాలిలోంచి! ఆ గాలిలోకి? డాక్టర్ల, నర్సుల ఒంటినుంచే! మనందరి చర్మం నుంచీ పొట్టు రాలుతూనే ఉంటుంది. దాని మీద స్వారీ చేస్తూ క్రిములు గాయంలోకి దిగుతాయి. నూలు గౌను వాటిని ఆపలేదు.

అందుకే బట్టల మిల్లుల్లో గాలిని శుభ్రపరిచే హోవర్త్ సంస్థతో కలిసి థియేటర్ మధ్యలో అద్దాల గది కట్టించాడు. వడకట్టిన గాలి పైనుంచి కిందికి దిగి, క్రిముల్ని తోసుకుంటూ బయటికి పోతుంది. రోగి తల, మత్తు డాక్టరు గది బయట. మిగతా శరీరం, సర్జన్ లోపల. ఆపైన సర్జన్లకు దగ్గరి నేత గౌను, తలకు ముసుగు తొడిగి, లోపలి గాలిని గొట్టంతో బయటికి లాగేసే ఏర్పాటు చేశాడు. చూడ్డానికి అచ్చం వ్యోమగామి!

తోటి డాక్టర్లలో ఎగతాళి చేసినవాళ్లున్నారు. లెక్కలు మాత్రం నవ్వలేదు. నూటికి ఏడున్న చీము కేసులు 1970ల తొలినాళ్లకు సుమారు అర శాతానికి దిగాయి. తర్వాత 8 వేలకు పైగా ఆపరేషన్లపై బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపిన పరిశీలన ఫలితాలు 1982లో వచ్చాయి. శుభ్రమైన గాలి ఒక్కటే చీమును సగానికి తగ్గించిందనీ, దానికి ఆ గౌను తోడైతే నాలుగో వంతుకు దిగిందనీ తేలింది. అదే ఏడాది ఆగస్టులో చార్న్‌లే కన్నుమూశాడు.

నేటి హెల్మెట్ గౌన్ల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఫ్యాను లోపలికి గాలి కొడుతుంది. అందుకేనేమో, చీము తగ్గినట్టు 2011 నాటి న్యూజీలాండ్ లెక్కల్లో కనిపించలేదు. వేషం ఒకటే అయినా గాలి దారి మారింది మరి!

కీలుకూ జాతకం రాయాలి

చార్న్‌లేకి నైట్‌హుడ్, లాస్కర్ అవార్డు లాంటి గౌరవాలెన్నో దక్కాయి. అయితే ఆయన చేసిన మరో రెండు పనులు వాటికన్నా పెద్దవి. రైటింగ్టన్‌కు వచ్చి పద్ధతి నేర్చుకోని డాక్టర్లకు తన కీలును చాలాకాలం అమ్మనివ్వలేదు. చనిపోయాక కీలును పరిశోధనకు తిరిగి ఇవ్వమని రోగుల్ని కోరాడు. ఎంతోమంది ఒప్పుకున్నారు. ఆ కీళ్లను పరీక్షించే ఎంత అరిగిందో కొలిచాడు.

ఆ జాగ్రత్త ఎందుకో 2010లో మళ్లీ తెలిసింది. లోహం మీద లోహం రాసుకునే ఒకరకం కొత్త తుంటి కీలును ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మన దేశంలోనూ దాన్ని వేలమందికి అమర్చారు. ఎవరికి ఏది పెట్టారో ఆచూకీ దొరక్క చాలామందిని గుర్తించడమే కష్టమైంది.

మరోవైపు పాలిథిలిన్‌ను ఇంకా గట్టిపరచిన గిన్నెలు 1990ల చివరి నుంచి వస్తున్నాయి. మార్చిన తుంటి కీళ్లలో నూటికి 58 వరకూ పాతికేళ్లు నిలుస్తాయని 2019లో వెలువడిన అంచనా.

కాబట్టి ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఆపరేషన్ చేయిస్తే బిల్లు రసీదుతో సరిపెట్టుకోకండి. కీలు పేరు, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకోండి. ఇంటి పత్రాలతో పాటు భద్రంగా దాచండి. నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించండి. లోపల జరిగే అరుగుదల చాలాసార్లు నొప్పికంటే ముందు ఫొటోలోనే కనిపిస్తుంది!