ఇంటిలో చెమ్మ నివారణ

ఇంటిలో చెమ్మ అనగా కప్పు, గోడలు, నేల నీటిని పీల్చుకొని చాలాకాలం తడిగా ఉండుట. వాన నీరు, నేలలోని తేమ, కారే గొట్టాలు దీనికి ముఖ్య కారణాలు. చెమ్మ ఒక్కరోజులో ఇంటిని పాడుచేయదు. కానీ ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే అది కప్పు బలాన్నే తగ్గిస్తుంది. ఏటా వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక మరొకసారి ఇంటిని పరిశీలించి చిన్న లోపాలను సరిచేసుకుంటే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

పూర్వపు పద్ధతులు

తెలుగునాట వానలకు ముందు ఇంటి కప్పును బాగుచేసుకొనే అలవాటు పాతదే. పెంకుటిళ్ళలో పగిలిన పెంకులను తీసి కొత్తవి పెట్టి, జరిగినవాటిని సర్దించేవారు. తాటాకు ఇళ్ళకు కొన్నేళ్ళకొకసారి కొత్త ఆకు నేయించేవారు. రాయలసీమలోని మట్టి మిద్దెలపై చవుడు మన్ను పరచేవారు. కాంక్రీటు స్లాబులు వచ్చిన తరువాత కప్పుకు ఏ సంరక్షణా అక్కరలేదనే భావన ఏర్పడింది. ఇది సరికాదు.

నీరు చేరే మార్గాలు

100 చదరపు మీటర్ల కప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు చేరుతుంది. ఎండుటాకులు, చెత్త అడ్డుపడి తూములు మూసుకుపోతే ఈ నీరు కప్పుమీదనే నిలిచి, సన్నని పగుళ్ళగుండా లోపలికి దిగుతుంది. అయిదు సెంటీమీటర్ల లోతున నిలిస్తే కప్పుపై అయిదు టన్నుల అదనపు బరువు పడుతుంది. పిట్టగోడ, కప్పు కలిసే చోట పగుళ్ళు సులభంగా ఏర్పడతాయి. పక్షుల రెట్టలలోని విత్తనాల వలన మొలిచే రావి, మర్రి మొక్కల వేళ్ళు ఈ పగుళ్ళను వెడల్పు చేస్తాయి.

ఇటుకలోని సన్నని రంధ్రాల ద్వారా నేలలోని తేమ గోడలోకి పైకి ఎగబాకుతుంది. దీనిని కేశనాళికీయత అంటారు. గోడ అడుగుభాగాన తెల్లని ఉప్పు పొర పూయుట దీని గుర్తు. పునాది మట్టానికి పైగా మట్టి పోసినా, వీధి ఎత్తు పెరిగి నీరు గోడవైపు మళ్ళినా ఈ చెమ్మ ఎక్కువవుతుంది.

గొట్టాల లోపాలు తరచుగా కంటికి కనబడవు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి నుండి రోజుకు సుమారు నాలుగు లీటర్ల నీరు పోతుంది. ఇదే నీరు గోడలోపల కారితే బయటి మచ్చ కనబడేసరికి చాలా ఆలస్యమవుతుంది.

నష్టం జరిగే విధానం

కాంక్రీటుకు క్షార గుణం కలదు. దీనివలన లోపలి ఇనుప చువ్వలపై పలుచని రక్షణ పొర నిలిచి ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్రమంగా లోపలికి చొచ్చుకుపోయి ఈ క్షార గుణాన్ని తగ్గిస్తుంది. అప్పుడు నీరు, ఆక్సిజన్ తగిలితే చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపడుతుంది. సముద్రతీర ప్రాంతాలలో గాలిలోని ఉప్పు వలన ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది.

చెమ్మగోడలో విద్యుత్ తీగలు ఉంటే షాకు కొట్టే ప్రమాదం ఉన్నది. బూజు పెరిగి ఉబ్బసం ఉన్నవారికి బాధ ఎక్కువవుతుంది.

పరిశీలన

* వానలకు ముందు కప్పును ఊడ్చి, తూములలో నీరు పోసి అది పారుతున్నదో లేదో చూడాలి.
* పిట్టగోడ మూలలు, సజ్జలు, నీటి తొట్టె అడుగుభాగం పరిశీలించాలి. మొక్కలను చిన్నవిగా ఉన్నప్పుడే వేళ్ళతో సహా తీయాలి.
* కుళాయిలన్నీ కట్టివేసినా నీటి మీటరు తిరుగుతుంటే ఎక్కడో కారుతున్నదని గ్రహించాలి. మీటరు లేనిచోట రాత్రి తొట్టెలో నీటి మట్టం గుర్తుపెట్టి, ఉదయం పోల్చి చూడవచ్చు.
* స్నానాల గదిలో పలకల మధ్య సందులు ఊడిపోతే వెంటనే పూడ్చాలి.

మరమ్మతు క్రమం

లోపలివైపు మచ్చపై రంగు వేయుట సాధారణంగా జరిగే పొరపాటు. మచ్చ కనబడదు గాని నీరు చేరుతూనే ఉంటుంది. ముందుగా నీరు వచ్చే చోటును కనిపెట్టి మూయాలి. తరువాత గోడను, కప్పును బాగా ఆరనివ్వాలి. రంగు చివరిది. నీరు ఒకచోట దిగి, స్లాబులో పక్కకు పాకి, మరొకచోట కారవచ్చు. కాబట్టి మచ్చకు సరిగ్గా పైభాగాన్నే తవ్వించుట వలన ఫలితం ఉండకపోవచ్చు.

చువ్వలు బయటపడితే వదులైన కాంక్రీటును తీసి, తుప్పును గీకి, రక్షణ పూత పూసి తగిన మిశ్రమంతో పూడ్చాలి. చువ్వలు సన్నబడినా, కప్పు కిందికి వంగినా తాపీ పనితో సరిపెట్టక, నిర్మాణ ఇంజనీరుకు చూపించాలి. పెచ్చులు ఊడుతున్న కప్పు కింద పడుకొనుట, పిల్లలను ఆడనిచ్చుట ప్రమాదకరం. తడిసిన గోడలోని స్విచ్చులను ముట్టుకోక, మెయిన్ స్విచ్ వద్ద విద్యుత్తు ఆపివేయాలి. మెయిన్ స్విచ్ కూడా తడిసిన చోటనే ఉంటే దానిని తాకక విద్యుత్ సిబ్బందిని పిలవాలి.